కంప్యూటరు కల్లం చాలకపోతే

పిల్లలూ! మీ ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఏదైనా ఉంటే, పెద్దవాళ్ళ అనుమతి తీసుకుని ఒకసారి తెరిచి చూడండి. పొలం కాగితాల కింద, పాత శుభలేఖల మధ్య ఒకటి రెండు ఫోటోలు కనిపిస్తాయి. అంచులు చిరిగి ఉంటాయి. మొహాల మీద పసుపుపచ్చని మరకలు పడి ఉంటాయి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో ఇటువంటి ఫోటోలకు మరొక విలువ కూడా ఉన్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. ఆ జలాశయం నిండినప్పుడు నల్లగొండ జిల్లాలోని ఏలేశ్వరం నీటి అడుగుకు వెళ్ళింది. ఆ తరవాత శ్రీశైలం జలాశయం కింద, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ఎన్నో ఊళ్ళు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాళ్ళు విప్పి, అలంపురానికి చేర్చి, మళ్ళీ కట్టారు. గుడిని అలా తేవచ్చు. కాని మామూలు ఇంటినీ, వీధి అరుగునూ, వాకిట్లో చింతచెట్టునూ ఎవరు తేగలరు? అటువంటి ఊరినుంచి వచ్చిన కుటుంబానికి, ఆ ఇంటి ముందు తీసిన ఫోటో ఒక్కటే మిగిలి ఉండవచ్చు. అది కూడా పాడైపోతే, ఆ ఇల్లు రెండవసారి మునిగినట్టే.

అటువంటి ఫోటో ఒకటి మీ చేతికి వచ్చిందనుకుందాం. దాన్ని స్కానరు మీద పెట్టి కంప్యూటరులోకి ఎక్కించి, ఫోటోషాపులో మరకలు తుడిచి, పెద్దదిగా అచ్చు వేయించి నాయనమ్మకు ఇవ్వాలని మీ కోరిక. ఇంట్లో ఉన్నది అన్నయ్య కాలేజీలో చేరినప్పుడు కొన్న పాత కంప్యూటరు. సగం పని అయేసరికి తెర మీద చిన్న పెట్టె ఒకటి ప్రత్యక్షమవుతుంది. "మెమరీ చాలదు. మీరు చెప్పిన పని పూర్తి చేయలేను" అని దాని సారాంశం.

అప్పుడు చాలామంది ఏం చేస్తారు? ఒకరు అదే మీటను పదిసార్లు నొక్కుతారు. ఒకరు యంత్రం నెత్తిన ఒక దెబ్బ వేస్తారు. మరొకరు, "ఇది ముసలిదైపోయింది, తూకానికి అమ్మేద్దాం" అంటారు. ఇందులో ఏ ఒక్కటీ మందు కాదు. యంత్రం ఆ మాట విసుగుతో అనలేదు. అది ఒక లెక్క చేసి, జవాబు చెప్పింది. ఆ లెక్క మీకు కూడా తెలిస్తే జబ్బు ఎక్కడున్నదో మీరే చెప్పగలరు. అందుకు ఐదవ తరగతి గుణకారం చాలు.

ఫోటో అంటే గళ్ళ కాగితం

భూదాన్ పోచంపల్లి పేరు మీరు విని ఉంటారు. 2016 వరకు నల్లగొండ జిల్లాలో ఉండేది. ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. అక్కడి నేతపనివారు చీర మీద చిలుకనో, ఏనుగునో నేయాలంటే ముందుగా గళ్ళ కాగితం మీద బొమ్మ గీసుకుంటారు. ఏ గడిలో ఏ రంగు రావాలో నిర్ణయించుకుని, దాని ప్రకారం నూలుకు కట్లు కట్టి రంగులు అద్దుతారు. దగ్గర నుంచి చూస్తే అన్నీ మెట్లు మెట్లుగా గళ్ళు; దూరం నుంచి చూస్తే చిలుక!

కంప్యూటరులో ఫోటో కూడా సరిగ్గా ఇటువంటిదే. ఒక్కొక్క గడిని పిక్సెల్ అంటారు. ఒక్కొక్క గడిలో ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు సంఖ్యలు రాసి ఉంటాయి. ఒక్కొక్క సంఖ్యకు ఒక బైటు చోటు కావాలి. కాబట్టి ఒక గడికి 3 బైట్లు.

ఇప్పుడు లెక్క చేద్దాం. మన ఫోటో వెడల్పు 4 అంగుళాలు, పొడవు 6 అంగుళాలు. స్కానరుకు "అంగుళానికి 600 గళ్ళు" అని చెప్పామనుకోండి. వెడల్పున 2,400 గళ్ళు, పొడవున 3,600 గళ్ళు వస్తాయి. రెంటినీ గుణిస్తే 86,40,000 గళ్ళు. గడికి 3 బైట్ల చొప్పున 2,59,20,000 బైట్లు. పది లక్షల బైట్లను సుమారుగా ఒక మెగాబైటు అంటారు గనక, ఇది 26 మెగాబైట్లు.

"600 ఎందుకు? స్కానరు 2,400 వరకు ఇస్తుంది గదా! ఎక్కువ ఉంటే మంచిదే" అని ఎవరైనా అనవచ్చు. సరే, అదీ చూద్దాం. వెడల్పున 9,600, పొడవున 14,400. గుణిస్తే 13,82,40,000 గళ్ళు. అంటే 41,47,20,000 బైట్లు! అంగుళానికి గళ్ళు నాలుగు రెట్లు పెంచితే, మొత్తం భారం పదహారు రెట్లు పెరిగింది. ఇందులో వింత ఏమీ లేదు. పొలానికి పొడవూ వెడల్పూ రెండూ నాలుగింతలు చేస్తే, విస్తీర్ణం పదహారింతలు అవుతుంది.

అంతటితో ఆగలేదు. కొన్ని స్కానర్లలో "48 బిట్ల రంగు" అని ఒక ఏర్పాటు ఉంటుంది. అది ఎంచుకుంటే ఒక్కొక్క సంఖ్యకు ఒకటి బదులు రెండేసి బైట్లు పడతాయి. మన ఫోటో ఇప్పుడు 82,94,40,000 బైట్లు అయింది. అరచేతిలో ఇమిడే కాగితం ముక్క దాదాపు 83 కోట్ల బైట్లు!

బేలు విప్పితే పత్తి కొండ

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉన్నది. "ఫైలు చూస్తే 20 మెగాబైట్లే చూపిస్తున్నదే! అది తెరవడానికి మెమరీ చాలకపోవడమేమిటి?" అంటారు.

మన వైపు పత్తి మిల్లులో బేళ్ళు చూశారా? గట్టిగా నొక్కి, పట్టీలు బిగించిన బేలు చిన్నదిగానే కనిపిస్తుంది. పట్టీలు కోసి విప్పితే గది నిండిపోతుంది. జేపెగ్ అనే రకం ఫైలు అటువంటి బేలు. డిస్కులో దాచేటప్పుడు నొక్కి దాస్తారు. పని చేయడానికి తెరిచినప్పుడు ప్రతి గడినీ విడివిడిగా పరచవలసిందే. కాబట్టి ఫైలు బరువు చూసి మోసపోకండి. గళ్ళు లెక్కపెట్టండి.

గుమ్మి వేరు, కల్లం వేరు

పరచడానికి చోటు ఎక్కడ? ఇది తెలియాలంటే రైతు ఇంటికి వెళ్ళాలి. జొన్నలూ కందులూ దాచుకునేది గుమ్మిలో. కాని గుమ్మిలో ఎవరూ నూర్పిడి చేయరు. కంకులు పరచి, కొట్టి, తూర్పారబట్టడానికి కల్లం కావాలి. గుమ్మి ఎంత పెద్దదైనా, కల్లం చిన్నదైతే ఒక్కసారి పరచగలిగేది కొద్దిగానే.

కంప్యూటరులో హార్డ్ డిస్కు గుమ్మి. మెమరీ, అంటే ర్యామ్, కల్లం. యంత్రాన్ని ఆపగానే కల్లం ఖాళీ అయిపోతుంది; గుమ్మిలోది మిగులుతుంది. "డిస్కులో బోలెడు చోటున్నది, మెమరీ లేదంటుందేమిటి?" అనే ప్రశ్నకు జవాబు ఇదే.

మన పాత యంత్రంలో మెమరీ 2 గిగాబైట్లు అనుకుందాం. గిగాబైటు అంటే సుమారు 100 కోట్ల బైట్లు. కాబట్టి కల్లం 200 కోట్లు. ఇందులో విండోస్ తన వాటా తాను తీసుకుంటుంది. వైరస్‌లను పట్టే ప్రోగ్రామూ, తెరిచి ఉంచిన ఇంటర్నెట్ పేజీలూ మరికొంత ఆక్రమిస్తాయి. మిగిలినదానిలో ఫోటోషాపు పని చేయాలి.

మన ఫోటోకు ఒక్కదానికే 83 కోట్లు అయినవి. అసలు చెడకుండా దాని మీద నకలు పొర ఒకటి వేసి, ఆ పొర నంతటినీ ఒక్కసారిగా మార్చారు. అది మరొక 83 కోట్లు. మొత్తం 166 కోట్లు. పైగా మీరు చేసిన మార్పు నచ్చకపోతే వెనక్కు తీసుకోవడానికి, ప్రోగ్రాము పాత రూపాన్ని కూడా దాచి ఉంచుతుంది. దీన్ని హిస్టరీ అంటారు. ఒక చిన్న మరకను తుడిస్తే ఆ కాస్త భాగాన్నే దాస్తుంది. ఫోటోను మొత్తంగా తిప్పినా, మొత్తంగా నునుపు చేసినా, మొత్తం దాచవలసి వస్తుంది. 166 కు మరొక 83 కలిపితే 249. కల్లం 200! ఇప్పుడు చెప్పండి, యంత్రం అబద్ధం చెప్పిందా?

ఎరువు కల్లం

కల్లం చాలనప్పుడు రైతు పక్కవారి చోటు ఎరువు తీసుకుంటాడు. ఫోటోషాపు కూడా అదే చేస్తుంది. దాన్ని ప్రారంభించినది అమెరికాలోని థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు. వాళ్ళ నాన్నగారికి ఫోటోగ్రఫీ అంటే ఇష్టం. ఇంటి నేలమాళిగలోనే చీకటి గది ఉండేది. ఫోటోలను దిద్దే పని ఆ గదిలో పరిచయమయింది. 1987లో థామస్ మొదలుపెట్టిన ప్రోగ్రామును అడోబి సంస్థ 1990లో ఫోటోషాపు అనే పేరుతో విడుదల చేసింది. అన్నట్టు, 2007లో ఆ సంస్థకు అధిపతి అయిన శంతను నారాయణ్ హైదరాబాదులో పుట్టినవారే.

ఆ రోజుల్లో యంత్రాలకు కొద్ది మెగాబైట్ల మెమరీ మాత్రమే ఉండేది. ఫోటో అందులో పట్టేది కాదు. అందుకని ప్రోగ్రాము ఫోటోను చిన్న చిన్న పలకలుగా చేసి, ప్రస్తుతం అవసరమైన పలకలను మెమరీలోనూ, మిగతావాటిని డిస్కు మీదా పెట్టుకునేది. ఈ ఏర్పాటు ఇప్పటికీ ఉన్నది. డిస్కు మీది ఆ చోటునే స్క్రాచ్ డిస్కు అంటారు. చోటు మార్చిన ప్రతిసారీ మోత పని గనక, యంత్రం నెమ్మదిస్తుంది. కాని పని సాగుతుంది. డిస్కు కూడా సినిమాలతో, పాటలతో నిండి ఉంటే? అప్పుడు వచ్చే కబురు వేరు: "స్క్రాచ్ డిస్కులు నిండిపోయాయి." ఈ రెండు కబుర్లకూ తేడా గుర్తుంచుకోండి. మొదటిది కల్లం చాలలేదని. రెండవది ఎరువు చోటు కూడా లేదని.

రెండంకెల ఇంటి నంబర్లు

"అయితే మెమరీ పలకలు ఇంకా కొని బిగించవచ్చు గదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కాని కొనేముందు ఒకటి చూడాలి.

ఒక ఊళ్ళో ఇంటి నంబర్లకు రెండంకెలే వాడాలని నియమం ఉన్నదనుకోండి. 00 నుంచి 99 వరకు, నూరు ఇళ్ళకే నంబర్లు దొరుకుతాయి. నూట ఒకటవ ఇల్లు కడితే దానికి నంబరు ఉండదు. పోస్టుమాన్ ఉత్తరం ఇవ్వలేడు.

మెమరీలో ప్రతి బైటుకూ ఇటువంటి నంబరు ఉంటుంది. పాత 32 బిట్ల విండోస్‌లో ఆ నంబరుకు 32 స్థానాలు. ఒక్కొక్క స్థానంలో 0 గాని, 1 గాని మాత్రమే వస్తుంది. 2 ను 32 సార్లు వేసి గుణిస్తే 4,29,49,67,296 వస్తుంది. ఇదే 4 గిగాబైట్లు. ఆ నంబర్లలో కొన్నిటిని తెరను నడిపే భాగమూ, ఇతర భాగాలూ వాడుకుంటాయి. కాబట్టి 32 బిట్ల సాధారణ విండోస్ ఉన్న యంత్రంలో 8 గిగాబైట్లు బిగించినా, ఉపయోగపడేది 4 లోపే. పైగా అక్కడ ఒక్కొక్క ప్రోగ్రాముకు మామూలుగా 2 గిగాబైట్లకు మించి ఇవ్వరు. 64 బిట్ల విండోస్, 64 బిట్ల ఫోటోషాపు రెండూ ఉంటే ఈ కట్టుబాటు ఉండదు. విండోస్ మీద ఫోటోషాపు 64 బిట్లకు మారినది 2008లో వచ్చిన సిఎస్ 4 అనే కూర్పుతో.

మీ యంత్రం ఏ రకమో తెలుసుకోవడం సులభం. "మై కంప్యూటర్" గుర్తు మీద కుడి మీట నొక్కి "ప్రాపర్టీస్" చూడండి. మెమరీ ఎంత, 32 బిట్లా 64 బిట్లా అన్నది అక్కడ రాసి ఉంటుంది. అది చూడకుండా మెమరీ కొనడం, కొలత తీసుకోకుండా చొక్కా కుట్టించడం వంటిది.

ఒక్కొక్కటిగా చూడవలసినవి

వైద్యుడు ముందు నాడి చూస్తాడు, తరవాతే మందు. మనమూ క్రమంగా పోదాం. ఒకసారి ఒక్క మార్పే చేయండి. అన్నీ కలిపి మారిస్తే ఏది గుణమిచ్చిందో తెలియదు.

మొదట, చేసిన పనిని కొత్త పేరుతో దాచండి. తరవాత మిగతా ప్రోగ్రాములన్నీ మూసివేయండి. ఇంతమాత్రాన్నే చాలాసార్లు కల్లం ఖాళీ అవుతుంది.

రెండవది, డిస్కులో ఖాళీ చూడండి. విండోస్ ఉండే సి డ్రైవు నిండి ఉంటే, అవసరం లేనివి తీసివేయండి. డి డ్రైవులో ఖాళీ ఉంటే ఫోటోషాపులో ఎడిట్, ప్రిఫరెన్సెస్, స్క్రాచ్ డిస్క్స్ అనే చోటికి వెళ్ళి దాన్ని ఎంచుకోవచ్చు. స్క్రాచ్ డిస్కు నిండి ప్రోగ్రామే తెరుచుకోకపోతే, తెరిచేటప్పుడు కంట్రోల్, ఆల్ట్ మీటలు రెండూ నొక్కి పట్టుకోండి. ఏ డ్రైవు కావాలో అదే అడుగుతుంది. పెన్ డ్రైవును మాత్రం దీనికి వాడకండి. అది ఈ మోతకు తట్టుకోదు.

మూడవది, హిస్టరీ. పాత కూర్పులలో 20 మెట్లు, కొత్తవాటిలో 50 మెట్లు దాచే ఏర్పాటు ఉంటుంది. పాత యంత్రంలో 10 చాలు. ఎడిట్ కింద పర్జ్ అనే మాట ఉన్నది. దానితో దాచిన మెట్లన్నీ ఒక్కసారి తుడిచివేయవచ్చు. కాని తుడిచిన తరవాత వెనక్కు పోలేరు. అందుకే ముందు ఫైలు దాచుకోమన్నాను.

నాలుగవది, ఫోటోషాపుకు మెమరీలో ఎంత వాటా ఇచ్చారో చూడండి. 70 శాతం దగ్గర ఉంటే మంచిది. ఆశపడి 100 చేస్తే విండోస్‌కు చోటు మిగలదు. ఇల్లంతా కల్లం చేసి, ఇంటివాళ్ళను బయట పడుకోబెట్టినట్టు అవుతుంది.

ఐదవది, అక్కరలేని పొరలు కలిపివేయండి. కలిపేముందు పొరలున్న ఫైలును విడిగా దాచండి.

ఇవన్నీ చేసినా, చిన్న ఫోటోకే "స్క్రాచ్ డిస్కులు నిండిపోయాయి" అని వస్తే, కత్తిరించే పనిముట్టును చూడండి. దాన్ని క్రాప్ అంటారు. 800 గళ్ళు, 600 గళ్ళు అని రాయబోయి, పక్కనున్న కొలత "అంగుళాలు" అని ఉండటం గమనించకపోతే ఏమవుతుంది? అంగుళానికి 300 గళ్ళ చొప్పున వెడల్పున 2,40,000, పొడవున 1,80,000 గళ్ళు. మొత్తం 4,320 కోట్ల గళ్ళు; 12,960 కోట్ల బైట్లు. సుమారు 130 గిగాబైట్లు! పరీక్షలో కొలమానం రాయకపోతే మార్కు ఎందుకు తగ్గిస్తారో ఇప్పుడు తెలిసిందా?

ఒక్క ఫోటోషాపే కాక, ఏ ప్రోగ్రాము తెరిచినా యంత్రం ఆగిపోతున్నా, నీలం తెర వస్తున్నా, మెమరీ పలకే చెడి ఉండవచ్చు. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష విండోస్‌లోనే ఉన్నది. అది పెట్టి చూడమని పెద్దవాళ్ళకు చెప్పండి. యంత్రం పెట్టె విప్పి దుమ్ము తుడిచే పని, తీగ ఊడదీసిన తరవాత, తెలిసిన మెకానిక్ చేయవలసినదే.

మరొక జాగ్రత్త. మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 7 ను కాపాడే పని 2020 జనవరి 14న ఆపింది; విండోస్ 10 కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అటువంటి యంత్రాన్ని ఇంటర్నెట్టుకు కలపకుండా ఫోటోల పనికి మాత్రమే వాడుకోవడం క్షేమం. ఫోటోషాపు కొనలేనివారికి గింప్ అనే ఉచిత ప్రోగ్రాము ఉన్నది. 1995లో అమెరికాలోని బర్క్‌లీలో స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు దాన్ని మొదలుపెట్టారు. కల్లం లెక్క దానికీ ఇదే.

ఎంత అవసరమో అంతే

ఇక మన ఫోటో సంగతి. 4 అంగుళాల ఫోటోను 8 అంగుళాలు, 6 అంగుళాల దాన్ని 12 అంగుళాలు చేసి అచ్చు వేయించాలి. మంచి అచ్చుకు అంగుళానికి 300 గళ్ళు చాలు. రెండింతలు పెంచుతున్నాం గనక, స్కాన్ చేసేటప్పుడు 600 ఉంటే సరిపోతుంది. అంటే 26 మెగాబైట్లు. నకలు పొరలు, హిస్టరీ కలిపి పది రెట్లు అయినా 260 మెగాబైట్లు. మన పాత కల్లంలో హాయిగా ఆడుతుంది! పనికిరాదని తూకానికి వేయబోయిన యంత్రమే ఆ పని చేసిపెడుతుంది.

భవిష్యత్తు కోసం 1,200 తో ఒకసారి స్కాన్ చేసి, దాన్ని ముట్టుకోకుండా రెండు వేరు వేరు చోట్ల దాచండి. దిద్దే పనంతా 600 నకలు మీదనే చేయండి. అన్నిటికంటె ముఖ్యం, అసలు కాగితాన్ని పారేయకండి. దాన్ని తడి గుడ్డతో తుడవకండి. యంత్రంలో ఎన్ని తప్పులు చేసినా మళ్ళీ మొదలుపెట్టవచ్చు. అసలు ఫోటో ఒక్కటే గదా ఉన్నది!

పని మొదలుపెట్టే ముందు దాని కొలత తెలుసుకున్నవాడికి చిన్న పనిముట్టు కూడా పెద్ద సాయం చేస్తుంది. కొలత తెలియనివాడికి ఎంత పెద్ద యంత్రమైనా చాలదు.

మీరు చేయవలసిన లెక్క: మన పట్నాలలో పెళ్ళి ఆల్బములకు 12 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు గల షీట్లు వాడతారు. అంగుళానికి 300 గళ్ళు, గడికి 3 బైట్లు అయితే ఒక షీటుకు ఎన్ని బైట్లు? నిండు పొరలు 5 ఉంటే ఎన్ని? ఫోటోషాపు వాటా 100 కోట్ల బైట్లు అయితే అది పడుతుందా?

జవాబు: ఒక షీటుకు 11,66,40,000 బైట్లు. ఐదు పొరలకు 58,32,00,000 బైట్లు. పడుతుంది. కాని హిస్టరీకి మిగిలే చోటు 42 కోట్లకు కాస్త తక్కువ. నాలుగవ నిండు మెట్టు ఎందుకు పట్టదో మీ నాన్నగారికో, అమ్మకో మీరే వివరించి చెప్పండి.